పిసరంత చుక్కాని

గాలి లేని రోజు తెరచాప పడవల పందెం చూడటానికి వచ్చినవాడు మళ్ళీ జన్మలో ఆ జోలికి పోడు. ఎండ నెత్తి మాడ్చేస్తుంటుంది. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా పడి ఉంటుంది. దూరంగా కొన్ని తెల్లటి గుడ్డముక్కలు ఎప్పుడు చూసినా ఉన్నచోటే ఉంటాయి. ఎవరు గెలుస్తున్నారో గెలిచేవాళ్ళకే తెలియదు. ఒడ్డున గొడుగుల కింద కూర్చున్న చుట్టాలు తెచ్చుకున్న బిస్కెట్లు తినేసి, ఫోన్లు చూసుకుని, చివరికి ఒకళ్ళ మీద ఒకళ్ళు విసుక్కోవడం మొదలుపెడతారు. పడవలో ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి కదలకుండా కూర్చోవడమే పని, అది మామూలు పని కాదు.

సూది ఆ పని పొద్దున్నుంచీ చేస్తున్నాడు. తెరచాపలు కుట్టి బతుకుతాడు, మనిషి కూడా సన్నగా నిటారుగా ఉంటాడు, ఇంక వేరే పేరెందుకని రేవులో అందరూ సూది అనే పిలుస్తారు. యాభై దాటినా ఆ పేరు వదల్లేదు. పెట్టింది వాళ్ళ బావ.

ఆ బావే ఇప్పుడు పడవ ముందు భాగంలో, తెరచాప కొయ్య పక్కన, మోకాళ్ళు గుండెలకి ఆనించుకుని ముడుచుకుని ఉన్నాడు. మెడ మీద తడి తువ్వాలు. రేవు వెనక వీధిలో మందుల షాపు ఆయనది. సూది వెనక కూర్చుని చుక్కాని కర్రని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. గాలి తక్కువగా ఉన్నప్పుడు చుక్కానిని పిడికిట్లో పట్టుకోకూడదు, వేళ్ళతోనే వినాలి అని బావ నేర్పాడు. ఆ పడవ ఇద్దరిదీ, చెరి సగం.

గాలి లేని రోజు పడవలో మాటలుండకూడదన్నది కూడా బావ పెట్టిన నియమమే. మాటకి బరువుంటుందట. మాట్లాడితే మనిషి కదులుతాడు, మనిషి కదిలితే చాప వణుకుతుంది, చాప వణికితే ఉన్న కాస్త గాలీ జారిపోతుంది. ఇందులో సైన్సెంతో దేవుడికెరుక. ఒకసారి సూది అక్క సరదాపడి పడవెక్కి, రేవు దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా పక్కింటివాళ్ళ నీళ్ళ పంపు గొడవంతా చెప్పుకొచ్చింది. ఆ రోజు వీళ్ళు అందరికన్నా ఆఖరున వచ్చారు. "మీ తమ్ముణ్ణి ఇచ్చావు, అది చాలు. నువ్వు ఒడ్డునే ఉండు తల్లీ" అని బావ రెండు చేతులూ జోడించాడు. అప్పట్నుంచి ఆ నియమం గట్టిపడింది. ముందు కూర్చున్నవాడు మాత్రం నీళ్ళ మీద గాలి ఎక్కడ రేగుతోందో చూసి గుసగుసగా చెప్పొచ్చు. ముందు కుడి, ముందు ఎడమ, వస్తోంది, పోయింది. ఇంతకు మించి మాట లేదు.

మామూలు రోజుల్లో సూదికి ఆ మౌనం ఇష్టంగా ఉండేది. ఇవాళ మాత్రం నోట్లో మాట పెట్టుకుని మింగలేక కక్కలేక కూర్చున్నట్టుంది.

అక్క పెళ్ళయ్యేటప్పటికి సూది చిన్నపిల్లాడు. తల్లి అప్పటికే లేదు. పెళ్ళికూతురితోపాటు ఒక పెట్టె వెళ్ళింది, పెట్టెతోపాటు తమ్ముడూ వెళ్ళాడు. కొత్త పెళ్ళికొడుకు మొహం చిట్లించుకున్నా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. ఆయన అలాంటిదేం చెయ్యకుండా మర్నాడే పిల్లాణ్ణి పడవెక్కించి చుక్కాని చేతికిచ్చాడు. ఆ తరవాత సూది చాపలు కుట్టడం నేర్చుకుని సొంతంగా గోడౌను తెరిచాడు. అక్క సంబంధాలు చూస్తూనే ఉండేది, ఇతను వాయిదాలు వేస్తూనే ఉండేవాడు. ఇద్దరిలో ముందు అక్కే అలిసిపోయింది. నాలుగేళ్ళ క్రితం జబ్బు చేసి పోయింది. వాళ్ళకి పిల్లల్లేరు. అప్పట్నుంచి సాయంత్రమయ్యేసరికి బావ షాపు మూసి గోడౌనుకొచ్చి, గుడ్డ చుట్ట మీద కూర్చుని, ప్లాస్కులో టీ ఇద్దరికీ పోసేవాడు. ఇద్దరూ అక్క గురించి ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదు. గాలి గురించి, ముందుచాప అంచు గురించి మాట్లాడుకునేవారు. సూదికి అదే ఇల్లు, అదే కుటుంబం.

పోయిన వారం అలాగే టీ పోస్తూ బావ, "పెళ్ళి చేసుకుంటున్నాను రా" అన్నాడు.

చాపలు కుట్టే మిషన్ని నేలలో తవ్విన గుంటలో పెడతారు, గుడ్డంతా చుట్టూ నేల మీద పరుచుకుంటుంది. సూది ఆ గుంటలో కూర్చుని పొడుగాటి కుట్టు వేస్తున్నాడు. మాట విని కూడా కాలు ఆపలేదు. కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకోబోతే రాలేదు. చొక్కా చేతిని తెరచాపకి కలిపి కుట్టేసుకున్నాడు.

"ఎవర్ని?" అన్నాడు, కుట్టు విప్పుకుంటూ.

"మందుల డిపోలో ఆవిడ. ఆర్డర్లకి ఫోన్ చేస్తుంటాను కదా, ఆవిడే. ఆవిడకి ఉద్యోగం వదలడం కుదరదు. నేనే అక్కడికి వెళ్ళిపోతున్నాను. షాపు పక్కషాపాయన తీసుకుంటున్నాడు. పడవలో నా సగం కూడా నీకే."

"ఊఁ."

"పందాలయ్యాక, ఆదివారం పొద్దున్న బస్సుకి."

"ఊఁ."

అంతే. సూది ఇంకేమీ అడగలేదు. అడగాలని లేక కాదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది, అది నోటికి వచ్చే రకం కాదు. అక్క లేకపోయినా బావ ఇన్నాళ్ళూ బావగానే ఉన్నాడు. రేపు ఆ ఊళ్ళో ఆవిడకి తమ్ముళ్ళుంటే వాళ్ళకి బావ అవుతాడు. అప్పుడు తను ఏమవుతాడు? మాజీ బావమరిది అని ఒకటుంటుందా? ఇది తలుచుకుంటే కాస్త నవ్వొచ్చేది, వెంటనే ఆ నవ్వు పోయేది. వారమంతా బావ టీకి వచ్చాడు, వారమంతా సూది తల వంచుకుని కుట్టుకున్నాడు.

ఇవాళ శనివారం, ఆఖరి పందెం. ఇందులో ముందొస్తే కప్పు వీళ్ళది. ఇన్నేళ్ళలో రెండో స్థానం, మూడో స్థానం చాలాసార్లు వచ్చాయి గానీ కప్పు మాత్రం ఎప్పుడూ చేతికి రాలేదు. ఇవాళ మాత్రం నీళ్ళ మీద గుర్తుగా తేలే ఆఖరి నారింజ రంగు బంతిని అందరికన్నా ముందు చుట్టి వచ్చేశారు. ఇంక మిగిలింది గాలికి ఎదురుగా కాస్త దూరం, దాని చివర గీత. గీతంటే లంగరేసిన తెల్ల లాంచీకీ, దాని పక్కన తేలే చిన్న జెండాకీ మధ్య ఉన్న నీళ్ళు. లాంచీ మీద పందాల పెద్ద, జెండాలాయన అంటారు, టోపీ కళ్ళ మీదకి లాక్కుని గడియారం చూసుకుంటున్నాడు. ఆయన పెట్టిన గడువులోపల మొదటి పడవ గీత దాటాలి. దాటకపోతే పందెం రద్దు, మర్నాడు పొద్దున్న మళ్ళీ మొదట్నుంచి.

మర్నాడు పొద్దున్న మళ్ళీ. ఆ మాట సూది తలలో మధ్యాహ్నం నుంచీ తిరుగుతోంది.

వెనక చాలా దూరంలో పళ్ళ డాక్టరుగారి పడవ ఉంది, అందులో ఆయనా, ఆయన భార్యా. గాలి లేని నీళ్ళ మీద మాట చాలా దూరం వస్తుందని వాళ్ళకింకా తెలియదు.

"నేను తిప్పమన్నప్పుడు తిప్పలేదు మీరు."

"నువ్వు చెప్పింది తిప్పమని కాదు. తిప్పుదామా అని."

"రెండూ ఒకటే."

బావ వీపు కొంచెం కదిలింది. నవ్వుతున్నాడు. ఇంకో రోజైతే సూది కూడా నవ్వేవాడు. మొగుడూ పెళ్ళాం పడవలో గొడవపడటం ఎంత బాగుందో అనిపించింది ఇవాళ. మనిషికి గొడవపడటానికైనా మనిషుండాలి. రేపు ఈ పాటికి తనకి అదీ ఉండదు.

"వస్తోంది. ముందు కుడి" అన్నాడు బావ.

సూది కూడా చూశాడు. కుడి పక్కన నీళ్ళు కాస్త ముదురు రంగుకి తిరిగి, సన్నగా గరగరలాడుతూ దగ్గరికొస్తున్నాయి. అది అందుకుంటే చాలు, పడవ నిద్ర లేచినట్టు లేచి గీతదాకా పోతుంది. గాలి తీరు తెలియడానికి ముందుచాప మీద కట్టిన ఊలు దారాలు రెండూ వెనక్కి వాలుగా నిలబడ్డాయి. అంతా బాగుంది. సూది వేళ్ళు కర్రని పిసరంత ఎక్కువ తిప్పాయి.

పిసరంతే. ఎక్కువ తిప్పితే తప్పని తెలిసిపోతుంది. పిసరంత తిప్పితే పడవ ముక్కు గాలికి ఎదురు నిలబడుతుంది, చాపలోంచి గాలి జారిపోతుంది, పడవ నీరసంగా ఆగిపోతుంది. చూసేవాళ్ళు గాలే పోయిందనుకుంటారు. ఇక్కడ సూదిని వెనకేసుకు రావడానికేం లేదు. చెయ్యి జారలేదు, కళ్ళు చెదరలేదు. కావాలనే చేశాడు. పందెం రేపటికి పడితే బావ ఆగుతాడు, కప్పు కోసమైనా ఆగుతాడు, ఇంకో సాయంత్రం గోడౌనుకొచ్చి టీ పోస్తాడు. ఆ టీ దగ్గర ఆ ప్రశ్న అడుగుదామనుకున్నాడు. వారం రోజులు చేతికిస్తే వాడుకోనివాడు ఇంకో రోజు కోసం పందెం తగలేస్తున్నాడు.

ఊలు దారం ఒకటి పైకి లేచి వణికి, పడిపోయింది.

"పోయింది" అన్నాడు బావ.

కాసేపటికి ఇంకో ముదురు చార వచ్చింది. బావ చెప్పాడు, సూది మళ్ళీ తిప్పాడు. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. మూడోసారి గాలి మొహానికి తగిలింది కూడా, చల్లగా, ఎంతో బాగా. అదీ పోయింది. నాలుగోసారి బావ ఏమీ చెప్పలేదు. నీళ్ళ రంగు ముదరడం ఆయనకి కనబడే ఉండాలి, ఎదురుగానే ఉంది. తువ్వాలు మెడ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

లాంచీ మీద హారన్ మూడుసార్లు మోగింది. నీలం తెలుపు గళ్ళ జెండా పైకి వెళ్ళి, గాలి లేక కర్రకి అతుక్కుపోయింది. పందెం రద్దు. గీత ఎంత దగ్గరలో ఉందంటే జెండాలాయన టోపీ కింద చెమట కూడా కనిపిస్తోంది.

"అయ్యో, కాస్తలో పోయింది కదయ్యా" అన్నాడాయన లాంచీ మీంచి. "మీ గాలి ఎవరో మింగేసినట్టుంది. రేపు పొద్దున్నే రండి."

మోటారు పడవొకటి వచ్చి పడవలన్నిటినీ వరసగా తాళ్ళతో కట్టి రేవుకి లాక్కెళ్ళడం మొదలుపెట్టింది. చాపలు దించేశారు. బావ ముందు నుంచి లేచి, పట్టేసిన మోకాళ్ళు రుద్దుకుంటూ వెనక్కొచ్చి సూది పక్కన కూర్చున్నాడు. నీళ్ళ సీసా తీసి ముందు సూదికిచ్చాడు.

"రేపు పొద్దున్న మళ్ళీ పెడతారట" అన్నాడు సూది.

"పెడతారు."

"ఒక్కరోజు ఆగు మరి బావా. బస్సు ఎల్లుండి కూడా ఉంటుంది కదా."

"రేపే పెళ్ళి రా" అన్నాడు బావ.

మోటారు చప్పుడులో సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాడు సూది. వినబడింది.

"రేపా? నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా? వారమైంది. ఎప్పుడని అడగలేదు, ఎక్కడని అడగలేదు. ఆవిడ పొట్టిదా పొడుగుదా అని కూడా అడగలేదు."

సూది సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. అది అప్పటికే బిగుసుకుని ఉంది.

"గీత దాటాక చెబుదామనుకున్నాను" అన్నాడు బావ. "కప్పు చేతిలో ఉంటే నీ మొహం కాస్త వెలుగుతుంది కదా. అప్పుడు, రేపు నాతో రారా అందామని. మా వైపు నుంచి నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు. టికెట్లు రెండు తీశాను. మా బావమరిది వస్తాడని ఆవిడకి చెప్పేశాను కూడా. ఏమందో తెలుసా? నన్ను ఏమని పిలుస్తాడో కనుక్కో, అక్కా అంటే నాకిష్టమే, నోరు రాకపోతే ఎలా పిలిచినా పరవాలేదు అంది."

సూదికి వారం రోజుల ప్రశ్నకి జవాబు దొరికింది. ఆ జవాబు వారం నుంచీ ఎదురుగా గుడ్డ చుట్ట మీద కూర్చుని టీ తాగుతోందని ఇప్పుడు తెలిసింది.

"అడుగు మరి ఇప్పుడు, రమ్మని" అన్నాడు.

తాడు వరసలో ముందున్న పడవలో డాక్టరుగారి భార్య గొడుగు తెరిచి ఇద్దరి మీదా పట్టుకుంది. బావ కాసేపు వాళ్ళనే చూశాడు.

"మొదటిసారి చెయ్యి జారిందనుకున్నాను" అన్నాడు. "రెండోసారి ఎండదెబ్బేమో అనుకున్నాను. ఆ తరవాత తెలిసిపోయింది. నీకు చుక్కాని పట్టడం నేర్పింది నేనే కదరా. నీ వేళ్ళు నాకు తెలీవా?"

"అప్పుడే అనకపోయావా."

"అంటే సరిచేసుకునేవాడివి. గెలిచేవాళ్ళం కూడా. నీకు ఇష్టం లేదన్నది మాత్రం అలాగే ఉండేది."

"ఇష్టం లేక కాదు బావా."

"సరే, కాదు. ఇప్పుడు రమ్మంటే వస్తావు, నాకు తెలుసు. తప్పు చేశానని వస్తావు. వచ్చి అక్కడ మొహం వేలాడేసుకుని నుంచుంటావు. ఆవిడ నిన్ను మొట్టమొదట చూసేది ఆ మొహంతోనా? వద్దులే."

కోపంగా అని ఉంటే సూది ఏడ్చేసేవాడేమో, తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేవాడేమో. బావ షాపులో మందు ఎలా వేసుకోవాలో చెప్పినట్టు మెల్లగా, మామూలుగా అన్నాడు. నువ్వు వెళ్ళిపోతే నాకెవరూ లేరు, అందుకే చేశాను అనాల్సింది అప్పుడు. అంత చిన్న వాక్యం. సూది లేచి నిలబడి, "తాడు బిగుసుకుపోతోంది, వదులు చేసొస్తాను" అని పడవ ముందుకి వెళ్ళాడు. తాడు బాగానే ఉంది. రేవు వచ్చేదాకా దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

రేవులో దిగాక ఇద్దరూ పడవని మంచినీళ్ళతో కడిగారు. బావ తన టోపీ, చేతి తొడుగులు సంచిలో పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి పడవలోనే పెట్టాడు. సూది భుజం మీద చెయ్యి వేసి, "వేళకి తిను" అన్నాడు. ఆ సాయంత్రం గోడౌనుకి రాలేదు. సామాను సర్దుకోవాలి కదా. సూది మిషన్ దీపం వేసుకుని ఏమీ కుట్టకుండా గుంటలో కూర్చున్నాడు. వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా తల ఎత్తాడు.

పొద్దున్న లేచేసరికి గాలి లేచి ఉంది. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. సూది గడ్డం గీసుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకున్నాడు. చౌరస్తాలో కుడికి తిరిగితే బస్టాండు, ఎడమకి తిరిగితే రేవు. బస్సుకింకా టైముంది. అద్దం లేకపోయినా తన మొహం ఎలా ఉందో తనకి తెలుస్తూనే ఉంది, బావ చెప్పింది ఆ మొహమే. కాసేపు నిలబడి, బావ వద్దన్నాడు కదా అని పైకే అనుకున్నాడు. అనుకుంటే ఎంత హాయిగా ఉంది, తప్పు అటు పోయింది. ఎడమకి తిరిగాడు.

రేవంతా సందడిగా ఉంది. నిన్నటి సముద్రమేనా ఇది అన్నట్టు నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి. డాక్టరుగారూ భార్యా కేకలేసుకుంటూ చాప ఎత్తుతున్నారు. పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారుతున్నాయి. సూది తమ పడవ దగ్గరికెళ్ళి పెద్దచాప తీసి సిమెంటు గట్టు మీద పరిచాడు. ఎందుకు పరిచాడో తెలియదు. ఆ పడవ ఒక్కడితో నడవదు, పందెంలో ఒక్కణ్ణి ఒప్పుకోరు కూడా.

జెండాలాయన లాంచీ వైపు వెళుతూ ఆగాడు.

"ఏమయ్యా సూదీ, గాలి చూశావా, నిన్నటిదంతా వడ్డీతో వచ్చింది. మీ బావ ఏడీ?"

"రావడం లేదండీ. ఇవాళ మా బావ పెళ్ళి."

ఆయన హాస్యమనుకుని నవ్వబోయి, సూది మొహం చూసి, హాస్యం కాదని తెలుసుకున్నాడు. నిజంగానే సంతోషించాడు. మంచి మనిషి.

"మంచి మాట చెప్పావు. ఒంటరిగా ఎన్నాళ్ళుంటాడు పాపం" అన్నాడు. తరవాత సూది చేతిలోని తాడునీ, ఇస్త్రీ చొక్కానీ, కింద పరిచిన చాపనీ చూసి, "అయితే బావ పెళ్ళి పెట్టుకుని బావమరిదివి నువ్విక్కడేం చేస్తున్నావయ్యా?" అన్నాడు.

ఎవరైనా అడిగే మాటే. జవాబు కోసం ఆగకుండా హారన్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు, అవతల పందెం మొదలుపెట్టాలి. సూది అక్కడే నిలబడ్డాడు. బస్సు ఈపాటికి ఊరు దాటి ఉంటుంది. రెండు టికెట్లన్నాడు. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోనిచ్చాడో, సంచి పెట్టుకుని ఖాళీగానే ఉంచాడో.

పడవలన్నీ వెళ్ళాక సూది మోకాళ్ళ మీద కూర్చుని చాప మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఒక కొస పట్టుకుంటే రెండో కొసని గాలి ఎత్తుకుపోతోంది. అటు వెళ్ళి అది పట్టుకుంటే ఇది లేచిపోతోంది. జీవితమంతా చాపలు కుట్టినవాడు, చాప మడతపెట్టడానికి ఇద్దరు కావాలని అతనికి ఒకరు చెప్పాలా. అయినా చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు.